చెయ్యి బాగైనాక మారుస్తా

మార్చి 9, ఆదివారం

చిలమకూరు పెళ్లి వీడియో కంప్యూటర్‌లో ముప్పావు వంతు తయారయ్యాక సిస్టమ్ దానంతటదే ఆగిపోయింది. ఇలా ఆగడం ఇది మొదటిసారి కాదు. మళ్లీ ఆన్ చేస్తే లేచింది గానీ లోపలి నీళ్ల పంపు గొంతు మారింది. ఇన్నేళ్లూ అది తిరుగుతోందో లేదో చెవి పెట్టి వింటే తప్ప తెలిసేది కాదు. ఇప్పుడు గరగరమంటోంది, కఫం పట్టిన మనిషి ఊపిరి తీస్తున్నట్టు.

బావ పక్క కుర్చీలోనే ఉన్నాడు. విన్నాడు. నా మొహం ఒకసారి చూసి, లేచి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

ఈ సిస్టమ్ తను కట్టిందే. మా పెళ్లయిన ఏడాది. జమ్మలమడుగులో మేడమీద గది, పైన రేకులు, వేసవి వస్తే లోపల కుంపటే. ఫ్యాన్లతో చల్లబరిస్తే ఆ రొదలో పాట వినపడదు, ఎడిటింగ్ ఎట్లా చేస్తామని, నీళ్లతో చల్లబడేలా చేశాడు. గాజులా మెరిసే ప్లాస్టిక్ పైపుల్ని వేడిగాలికి మెత్తబరిచి ఒక్కో వంపూ చేత్తో తిప్పాడు. పెళ్లి మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్లు ఆల్బమ్ తెరవకముందే దాని ముందు నిలబడేవాళ్లు. కారు ఇంజను మాదిరే, పంపు నీళ్లను తోస్తాది, రేడియేటర్ చల్లబరుస్తాది, అంతే అని బావ ప్రతివాళ్లకూ విసుగు లేకుండా చెప్పేవాడు. యశ్వంత్ స్టూడియో అంటే నీళ్ల కంప్యూటరు స్టూడియో అనే పేరు.

ఆ వేళ్లకే ఇప్పుడు చొక్కా గుండీ లొంగడం లేదు.

మార్చి 11

ఈరోజు చెయ్యి కాస్త మేలు. గ్లాసు కుడిచేత్తోనే పట్టుకున్నాడు. సగం తాగాక ఎడమచేతికి మార్చుకున్నాడు, కానీ పట్టుకున్నాడు.

మార్చి 14, శుక్రవారం

రెండు రోజులుగా వీడియోలు చూస్తున్నాను. ఇప్పుడు కొత్తగా వచ్చేవాటికి పైపులు వంచే పని లేదు, నీళ్లు పోసే పని లేదు. పంపు, పైపు, రేడియేటర్ అన్నీ ఒకటిగా కంపెనీలోనే మూసేసి ఇస్తారు. నాలుగు స్క్రూలు బిగిస్తే సరి. ఒకాయన పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి వేడి కొలిచి చూపించాడు. తేడా ఉంది. ఎంత అనేది చివర్లో చెప్తానని చివరికి సరిగ్గా చెప్పనే లేదు.

భోజనాల దగ్గర మెల్లగా మాట ఎత్తాను. బావకు కోపం రాలేదు, అదే నాకు వింతగా ఉంది. చాలా రోజుల తర్వాత వరసగా మాట్లాడాడు.

"రాగి యాడన్నా పాతబడ్తాదా? ప్రాసెసర్ మీదుండే ఆ బ్లాకు అప్పుడెంత వేడి లాగిందో ఇప్పుడూ అంతే లాగుతాది. రేడియేటర్ గూడా అంతే. కొత్తవి నాలుగైదు డిగ్రీలు తగ్గిస్తాయేమో. మన గదే నలభై ఉంటే నీళ్లు గదికన్నా చల్లగా ఎట్లయితాయి? పాతబడేది పంపు, పైపులు, రబ్బరు రింగులు. అవి మారిస్తే సాలు."

మరి మార్చుదామా అన్నాను.

"చెయ్యి బాగైనాక మారుస్తా."

సరే అన్నాను. వేరే ఏమనగలను?

మార్చి 20, గురువారం

ప్రొద్దుటూరు వెళ్లాం, ఫిజియోథెరపీకి. మైలవరం రోడ్డులో బండి పడి పోయిన శ్రావణంలో తలకు ఆపరేషన్ అయినప్పటి నుంచీ వారం వారం ఇదే ప్రయాణం. ఈసారి డాక్టరు బావను వేళ్ల వ్యాయామానికి కూర్చోబెట్టి నన్ను బయటికి పిలిచాడు. ఆయన చెప్పింది ఇక్కడ రాయను. డాక్టర్లు అన్నీ ముందుజాగ్రత్తకు చెప్తుంటారు.

వచ్చేటప్పుడు గౌస్ మొహిద్దీన్ అన్న కంప్యూటర్ షాపు దగ్గర ఆగాను. బావను పక్కన పండ్లరసం అంగట్లో కూర్చోబెట్టి, కేబుల్ కొనుక్కొస్తానని చెప్పి నేనొక్కదాన్నే లోపలికి వెళ్లాను. ఫోన్లో తీసిన ఫోటోలు చూపించాను. గౌస్ అన్న చాలాసేపు పెద్దవి చేసుకుని చూశాడు. యశ్వంత్ కట్టిన పని ఇట్లాగే ఉంటాదని మెచ్చుకున్నాడు. పైపులు పసుపు పచ్చగా మారాయని, లోపలి నీళ్లు కూడా మార్చి చాలా కాలమైనట్టుందని అన్నాడు. ఒక పైపు కీలు దగ్గర నీరు ఊరినా కింద ఉండేది గ్రాఫిక్స్ కార్డే, దాని మీద చుక్క పడితే ఇక అంతేనని చెప్పాడు. పాతది వాడాలా కొత్తది తేవాలా అని సూటిగా అడిగాను.

"కొత్తది పెట్టుకుని మర్సిపోవచ్చక్కా. ఐదారేండ్లు నడుస్తాది, పంపు పోయిన్రోజు మొత్తం పారేయల్ల. పాతది అట్లగాదు, యాది పోతే అది మార్చుకుంటా పోవచ్చు. కాకపోతే చేసే చెయ్యి ఉండల్ల గదా."

అని, నాలిక కరుచుకున్నాడు. నేను వినలేదన్నట్టు కేబుల్ అడిగాను. తనే వచ్చి పంపు మార్చి పోతానన్నాడు గౌస్ అన్న. వద్దన్నాను. ఇంకొకరు దాని మీద చెయ్యి వేస్తే బావ ఏమీ అనడు. అనడు, అదే భయం.

మార్చి 27

మళ్లీ ఆగింది. పంపు మీద అరచెయ్యి పెట్టి చూశాను, వణుకు తెలుస్తోంది. మధ్యలో ఒక క్షణం ఆగి మళ్లీ అందుకుంటోంది.

చెయ్యి నిన్నటి లాగే ఉంది. పట్టు తగ్గలేదు, అది మంచిదే.

ఏప్రిల్ 3, గురువారం

కొత్తది ఆర్డర్ పెట్టేశాను. బావకు చెప్పలేదు. దాచడం కాదిది. వచ్చాక, సమయం చూసి చెప్తాను. ఈ నెల మధ్య నుంచి ముహూర్తాలు మొదలైతే వరసగా పెళ్లిళ్లు. ఒక పెళ్లి పోతే మళ్లీ చేయించలేం కదా, వాళ్ల తాళి ఘడియ నా దగ్గర ఉంటుంది. ఉన్నవన్నీ రెండేసి డ్రైవుల్లోకి ఎక్కించి పెట్టాను.

అయినా గుండె నిలవడం లేదు. మెట్ల మీద చప్పుడైతే కొరియర్ అతనేమోనని, స్నానాల గదిలో చప్పుడైతే బావ పడ్డాడేమోనని. ఆపరేషన్ తర్వాత రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. నిప్పు దగ్గరికీ నీళ్ల దగ్గరికీ ఒంటరిగా పంపొద్దన్నారు, బండి ముట్టుకోవద్దన్నారు. నేను ఏ గదిలోకీ ఒంటరిగా పంపడం లేదు. స్నానాల గదికి గడియ తీయించేశాను.

ఏప్రిల్ 10, గురువారం

రాజుపాలెంలో నిశ్చితార్థం. బావను కూడా తీసుకెళ్లాను, ఎప్పటిలాగే. ఫ్యాను కింద కుర్చీ వేయించి కూర్చోబెట్టి, కెమెరాలోంచి మధ్యమధ్యలో చూసుకుంటూ పని చేశాను. నలుగురిలో ఉంటే తనకూ మంచిదే. పెళ్లికూతురి మేనమామ వచ్చి, నీళ్ల కంప్యూటరు ఎట్లా ఉందప్పా అని పలకరించాడు. బావ నవ్వాడు. ఆ తర్వాత ఇంటికి వచ్చేదాకా మాట్లాడలేదు. ఎండ ఎక్కువగా ఉంది, అందుకే అయ్యుంటుంది.

ఏప్రిల్ 12

ఒక కీలు కింద చుక్క. ఆవగింజంత. తుడిచాను. మధ్యాహ్నానికి మళ్లీ వచ్చింది.

బావకు చెప్పలేదు.

ఏప్రిల్ 16, బుధవారం

పెట్టె వచ్చింది. నేను ఆల్బమ్‌లు ఇచ్చి వచ్చేసరికి కింద కుట్టుపని చేసుకునే రషీదా తీసుకుని ఉంచింది. బావ నిద్రపోతున్నాడు. బీరువా మీద చీరల డబ్బాల వెనక పెట్టాను. తను చూడలేదు.

రేపు చెప్తాను.

ఏప్రిల్ 19

రేపు చెప్తాను. ఈరోజు తలనొప్పిగా ఉందన్నాడు.

ఏప్రిల్ 22, మంగళవారం

చేతులు ఊరికే ఉండలేకపోతున్నాయి, అందుకే రాస్తున్నాను.

పొద్దున బ్యాంకు పని మీద వెళ్లాను. ఎక్కువసేపేమీ కాదు. వచ్చేసరికి తలుపుకు తాళం, తాళంచెవి రషీదా దగ్గర. బావ వచ్చి, మాధవికి ఇవ్వమని చెప్పి ఇచ్చి పోయాడట. యాడికని అడగలేదంట ఆమె. మగమనిషి ఇంట్లోంచి బయటికి పోతుంటే ఎందుకు అడుగుతారు? అడగనందుకు ఆమె మీద అరిచాను.

బీరువా మీద పెట్టె లేదు. చీరల డబ్బాలు సర్దినట్టే ఉన్నాయి, వెనక ఖాళీ.

ఫోన్ స్విచాఫ్.

బండి కిందే ఉంది. దాన్ని చూసి ప్రాణం లేచి వచ్చింది. కానీ బండి లేకుండా నడిచి ఎంతదూరం పోయాడు? పెన్నలో ఇప్పుడు నీళ్లు లేవు. ఈ మాట ఎందుకు రాశానో నాకే తెలియదు. మైలవరం డ్యాములో ఉన్నాయి.

స్విచాఫ్.

బస్టాండుకు వెళ్లి వచ్చాను. సోడాబండి అతను చూశాడట, పెట్టె చంకలో పెట్టుకుని పులివెందుల బస్సెక్కాడట. పులివెందులలో మాకు ఎవరున్నారు, ఉమైర్ తప్ప. బావ దగ్గరే కంప్యూటర్ పని నేర్చుకున్నాడు, ఇప్పుడు అక్కడ పిల్లలు గేములు ఆడుకునే సెంటర్ నడుపుతున్నాడు. వాడికి పది సార్లు చేశాను, ఎత్తడం లేదు.

నేను దాచింది చూసి కోపం వచ్చింది. పెట్టెను వాడికి ఇచ్చేయడానికి పోయాడు. చెప్పి ఉండాల్సింది. బస్సులో ఏమన్నా అయితే? కండక్టరుకు ఏం తెలుస్తుంది? తాగి పడిపోయాడనుకుంటారు. అందరూ అదే అనుకుంటారు.

స్విచాఫ్.

ఏప్రిల్ 24, గురువారం

జరిగింది జరిగినట్టు రాసిపెట్టాలి.

మొన్న నేను మళ్లీ బస్టాండుకు బయలుదేరుతుంటే ఉమైర్ నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఆడమనిషి గొంతు.

"బేటా, నేను ఉమైర్ వాళ్లమ్మను, ఖమ్రున్నీసాను. నీ మొగుడు ఈడనే ఉండాడు, బాగుండాడు. ముందు ఆ మాట బాగా విను. మిగతాది తర్వాత చెప్తా."

మెట్ల మీదే కూర్చుండిపోయాను. మిగతాది ఆమె నిదానంగా చెప్పింది. టీ తాగుతుండగా ఫిట్స్ వచ్చింది. పక్కకు తిప్పి పడుకోబెట్టారు, కొద్దిసేపటికే తగ్గింది, ఇప్పుడు నిద్రపోతున్నాడు. ఏం చేయాలో ఎట్లా తెలిసిందమ్మా మీకు అని అడిగాను. నీ మొగుడే చెప్పినాడు గదా అంది. ఇంట్లోకి వస్తూనే, ఇంకా కూర్చోకముందే చెప్పాడట, నాకిట్లాంటి జబ్బుంది, వస్తే పక్కకు తిప్పండి, నోట్లో ఏమీ పెట్టొద్దు, తాళాలగుత్తి చేతిలో పెట్టొద్దు, అదే తగ్గిపోతాది అని.

నేనింతవరకూ ఎవరికీ చెప్పలేదు. కిందింటి రషీదాకు కూడా. తెలిస్తే బావను ఒకలాగా చూస్తారని.

ముద్దనూరు మీదుగా పోయే బస్సు ఎంతకీ రాకపోతే ఆటో మాట్లాడుకుని పోయాను. నేను వెళ్లేసరికి బావ లేచి మంచం మీద కూర్చుని ఉన్నాడు. కింది పెదవి కరుచుకుని వాచింది. నన్ను చూసి, తప్పు చేసిన పిల్లవాడిలా ఉంటాడనుకున్నాను. అట్లా లేడు. అలసిపోయి ఉన్నాడు, అంతే. ఖమ్రున్నీసమ్మ మా ఇద్దరికీ మజ్జిగ ఇచ్చి, ఉమైర్‌ను పిలుచుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఏడవకూడదనుకున్నాను. ఏడ్చాను. ఫోన్ ఎందుకు ఆపావని అడిగాను.

"ఆపకుంటే ముద్దనూరులోనే దింపించుండేదానివి."

నిజమే. దింపించి ఉండేదాన్ని.

పెట్టె మంచం పక్కనే ఉంది, తెరిచి. నీకు కోపమొచ్చిందా అన్నాను. కోపం దేనికి, వచ్చిన రోజే చూసినానన్నాడు. నేను బీరువా మీద దాస్తుంటే మేలుకునే ఉన్నాడట. మరుసటి రోజు నేను స్నానానికి పోయినప్పుడు తెరిచి చూశాడు. కొత్త ప్రాసెసర్లకు బిగించే పట్టీలు ఇచ్చారు గానీ మా పాత బోర్డుకు సరిపోయేది అందులో లేదు. నేను అది చూసుకోకుండా తెప్పించాను. ఆ పట్టీ ఉమైర్ దగ్గర పాత సామానులో ఉంటుందని వచ్చాడు. దొరికింది కూడా. చిటికెనవేలంత ఇనుపముక్కలు, నాలుగు స్క్రూలు, ఒక కాగితం పొట్లంలో.

పొట్లం మళ్లీ మడిచి పెట్టెలో పెట్టాను. పాతదే బాగుందంటివి గదా అన్నాను.

"బాగుంది. ఇప్పుడూ అదే మాట. నాలుగు డిగ్రీల కోసమైతే మార్చేది దండగ. పంపు పోయింది, దాన్ని మార్చే చెయ్యి లేదు. అందుకు మార్చల్ల. అదీ ఇదీ ఒకటి గాదు."

చెయ్యి బాగవుతుందని నేను మొదలుపెట్టాను. బావ నా మాట మధ్యలోనే ఆపాడు. గట్టిగా కాదు.

"డాక్టరు నీకు చెప్పింది నాకు అంతకు ముందు నెలలోనే చెప్పినాడు. ఇంతే మాధవీ. ఇంతకన్నా రాదు."

తెలిసీ నాతో బాగైనాక మారుస్తా అని ఎందుకంటివి అని అడిగాను.

"నీకోసమే అంటి. నువ్వు పొద్దున లేస్తానే నా చెయ్యి పక్కే చూస్తాంటివి."

ఆయన చెప్పింది ఇక్కడ రాయనని ఆ రోజు రాశాను. ఇప్పుడు రాస్తున్నాను. ఆరు నెలల్లో తిరిగిరాని పట్టు ఇక తిరిగి రావడం చాలా అరుదమ్మా, ఉన్న చేత్తో బతకడం నేర్పించండి అన్నాడు. అంతే అన్నాడు. ఒక్క వాక్యం. దాన్ని నెల రోజులు మోశాను, బావ రెండు నెలలు మోశాడు, ఒకే ఇంట్లో, ఒకే కంచం దగ్గర కూర్చుని.

ఆ రాత్రికి ఉండిపొమ్మని ఖమ్రున్నీసమ్మ పట్టుబట్టింది. ఉన్నాం.

ఏప్రిల్ 27, ఆదివారం

మార్చాం.

బావ చెప్పాడు, నేను చేశాను. నాకు స్క్రూడ్రైవర్ పట్టుకోవడం కూడా సరిగ్గా రాదని తెలిసింది. ముందు పాత నీళ్లు వంపేశాం, బకెట్లోకి ఆకుపసరు రంగులో దిగాయి. బ్లాకు విప్పితే లోపలి సన్నటి గాడుల్లో జిడ్డు పేరుకుపోయి ఉంది. సగం వేడి దీనివల్లనేనని, తను చూసుకోక ఏడాదిన్నర అయిందని బావ అన్నాడు. ఎడమచేత్తో పళ్ల బ్రష్షు పట్టుకుని, చిన్నగా, కింద రాగి ఎర్రగా తేలేదాకా తోమాడు. కుడిచెయ్యి బ్లాకు మీద బరువుగా పెట్టి కదలకుండా ఆపాడు. ఆ పనికి ఆ చెయ్యి సరిపోయింది.

పైపులు విప్పేటప్పుడు నాకే మనసొప్పలేదు. ఒక వంపు దగ్గర ఆగిపోయాను. కానీయ్, ఉమైర్ అడిగినాడు, వాడు కడ్తాడంట అన్నాడు బావ. రేడియేటరూ బ్లాకూ వాడికే. పైపులు ఎవరికీ పనికిరావు.

కొత్తది బిగించడానికి పట్టీ రెండుసార్లు తిరగేసి పెట్టాను. నాలుగు స్క్రూలు ఒకదాని తర్వాత ఒకటి గట్టిగా తిప్పబోతే, ఎదురెదురువి కొంచెం కొంచెంగా తిప్పు అన్నాడు. వేళ్లు జారి రెండుసార్లు తిట్టుకున్నాను. బావ తిట్టలేదు. నేర్పేటప్పుడు తిట్టే మనిషి, ఉమైర్‌ను ఎన్ని తిట్టేవాడో.

ఆన్ చేశాను. లేచింది.

చిలమకూరు పెళ్లి మళ్లీ మొదటి నుంచి వేశాం. ఒక్కసారి కూడా ఆగకుండా పూర్తయింది. వేడి మాత్రం వీడియోలో ఆయన చూపించినంత తగ్గలేదు. ఆరు డిగ్రీలు. బావ ఆ అంకె చూసి మీసంలో నవ్వాడు.

మే 1

సిస్టమ్‌ను మేడమీద నుంచి కిందికి, మా ఇంట్లోకే మార్చాం, ఉత్తరం వైపు గదిలోకి. రేకుల కింద ఇన్నేళ్లు ఎందుకు ఉంచామో. కొత్త పెట్టె కంటే ఈ గదే ఎక్కువ తగ్గించింది.

బావ చెయ్యి వైపు ఈరోజు చూడలేదు.

రషీదాకు చెప్పాను, ఫిట్స్ సంగతి, వస్తే ఏం చేయాలో. మొన్న అరిచినందుకు ఏమీ మనసులో పెట్టుకోవద్దని కూడా. మా తమ్మునికీ ఉండేది లే అక్కా అంది. ఇన్నాళ్లూ కింద ఆ మనిషి ఉంది, నేను పైన తలుపులు వేసుకుని కూర్చున్నాను.

మే 4, ఆదివారం

రాజుపాలెం పెళ్లి. నిన్న సాయంత్రం కెమెరా బ్యాగు సర్దుతుంటే, తను రానన్నాడు బావ. ఇంట్లో ఉండి చిలమకూరు పెళ్లి వీడియోలో పాటల ముక్కలు కోస్తానన్నాడు. ఎడమచేతి మౌస్ అలవాటవుతోందట. ఆడ కుర్చీలో కూర్చుంటే అందరూ వచ్చి పలకరించి పోతాంటే నాకు శానా కష్టంగా ఉంటాది, నీకు చెప్పలేకపోతి అన్నాడు.

అన్నం, పప్పు, గోంగూర చేసి పెట్టాను. మందులు గిన్నెలో పెట్టాను, తీసి మళ్లీ డబ్బాలోనే పెట్టాను. ఆయన మందులు ఆయనకు తెలుసు. స్నానాల గదిలోకి ఒంటరిగా పోవద్దంటే, స్నానం నువ్వు వచ్చినాకనే చేస్తాలే, పో అన్నాడు. అది మాత్రం ఒప్పుకున్నాడు.

బస్సులో ఒకసారి ఫోన్ తీశాను. లోపల పెట్టాను. మంగళస్నానాలప్పుడు తీశాను. జీలకర్ర బెల్లం అయ్యాక, వాయిద్యాల్లో ఏమీ వినపడదని తెలిసి కూడా తీశాను. పేరు మీద వేలు పెట్టి, నొక్కకుండా నిలబడ్డాను. పక్కనున్న ఆమె సిగ్నల్ లేదా అంది. ఉందన్నాను. నీళ్లు తాగి వచ్చాను. తాళి కట్టే ఘడియ కెమెరాలో వణుకు లేకుండా వచ్చింది. ఎట్లా వచ్చిందో నాకు తెలియదు.

తలంబ్రాలకు ముందు ఫోన్ మోగింది. బావ. ఎత్తాను.

"ఏంది, పొద్దున్నుంచి ఒక్కసారి గూడా ఫోన్ చెయ్యల్యా? బాగుండావా?"

బాగున్నానని చెప్పాను. అన్నం తిన్నావా అని అడగబోయి మానుకుని, పెళ్లికూతురు లేస్తోంది బావా, మళ్లీ చేస్తా అని పెట్టేశాను.